పీట మీద నుంచి లేవడం

మా బావగారికి డెబ్బై ఒకటి. రిటైరైన మర్నాటి నుంచి ఈ రోజు దాకా ఆయన పొద్దుటి నడక తప్పలేదు. రాజమండ్రిలో గోదావరి గట్టు మీద ఐదు కిలోమీటర్లు, వానాకాలమైతే గొడుగు వేసుకుని. షుగర్ అదుపులో ఉంది, బరువు పెరగలేదు. గట్టు మీద ఎదురయ్యే కుర్రాళ్ళు కూడా ఆయనకి నమస్కారం పెట్టి వెళ్తారు.

కిందటేడు ఆయనకి భీమరథ శాంతి చేశారు. అక్కా బావా పీటల మీద కూర్చున్నారు. తంతు రెండు గంటల పైనే సాగింది. లేచి హోమగుండం చుట్టూ ప్రదక్షిణం చెయ్యమన్నారు పురోహితుడుగారు. బావగారు లేవబోయారు. అరచేతులు నేలకి ఆనించి ఒకసారి, పక్కకి ఒరిగి ఇంకోసారి. లేవలేకపోయారు. చివరికి అల్లుళ్ళిద్దరూ చెరో జబ్బా పట్టుకుని లేపారు. పక్కనే మా అక్క, అరవై ఆరేళ్ళ మనిషి, ఒక చెయ్యి మోకాలి మీద వేసుకుని తనంతట తానే లేచి కుచ్చిళ్ళు సర్దుకుంది. అక్క తన జన్మలో ఒక్కరోజు కూడా వాకింగుకి వెళ్ళలేదు.

ఆ సాయంత్రం వీధి అరుగు మీద కూర్చున్నప్పుడు బావగారు అడిగారు: "ఏవోయ్ మాస్టారూ, రోజూ ఇంత నడిచేవాణ్ణి కదా, నాకేంటిది?" నేను ముప్పై ఒక్కేళ్ళు జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేశాను. ఆయనకి ఆ రోజు చెప్పిందీ, తర్వాత ఏడాది పాటు ఆయనా నేనూ కలిసి చేసిందీ ఈ అధ్యాయంలో రాస్తున్నాను.

చదును రోడ్డు మీద నడిచేటప్పుడు బరువు మోసే మోకాలు కొద్దిగానే వంగుతుంది. తొడ కండకి, పిరుదు కండకి పడే పని తక్కువ. నేల మీద నుంచి లేవాలంటే ఆ కండలే బాగా వంగిన స్థితిలోంచి ఒంటి బరువంతా పైకి ఎత్తాలి. బావగారి నడక ఆయన గుండెని, ఊపిరిని కాపాడింది. తొడల్ని మాత్రం ఆ పని ఎప్పుడూ అడగలేదు. మా అక్క దశాబ్దాలుగా కత్తిపీట ముందు కూర్చుని కూరలు తరుగుతోంది. కూర్చోవడం, లేవడం రోజుకి పది పదిహేనుసార్లు. అందుకే ఆవిడ లేవగలిగింది. అదే అక్క వాళ్ళబ్బాయి ఫ్లాట్‌లో లిఫ్టు పాడైన రోజున రెండో అంతస్తు ఎక్కేసరికి ఆయాసంతో మెట్ల మీదే కూలబడింది. ఆయన దగ్గరున్నది ఆవిడకి లేదు, ఆవిడ దగ్గరున్నది ఆయనకి లేదు. ఇంట్లో ఇద్దరి మధ్య వ్యాయామం పూర్తిగా ఉంది, ఒక్కొక్కరిలో మాత్రం సగమే ఉంది.

మన వాళ్ళలో పెద్దవయసు వ్యాయామం అంటే నడక ఒక్కటే. డాక్టరుగారు కూడా తొందరలో "రోజూ అరగంట నడవండి" అనేసి పంపిస్తారు. నడక మంచిదే, మానమని నేను ఎవరికీ చెప్పను. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు చూడండి. అరవై ఐదు దాటినవాళ్ళకి అది మూడు పనులు చెబుతుంది. వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒంటికి చెమట పట్టే నడక లాంటిది. వారానికి కనీసం రెండు రోజులు కండబలానికి కసరత్తు. కనీసం మూడు రోజులు నిలకడనీ బలాన్నీ పెంచే రకరకాల కదలికలు. మొదటిది మనందరికీ తెలుసు. మిగతా రెండిటి గురించి మన ఇళ్ళల్లో మాటే రాదు.

ఇక కండ సంగతి. వయసుతో పాటు కండ తగ్గిపోవడానికి 1989లో ఇర్విన్ రోజెన్‌బర్గ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త సార్కోపీనియా అని పేరు పెట్టారు. గ్రీకు మాటలతో కట్టిన పేరు, కండ తరిగిపోవడం అని అర్థం. అది వయసు ధర్మమే గానీ, ఎంత వేగంగా తరుగుతుందన్నది చాలావరకు మన చేతిలో ఉంది. ఈ సంగతి నన్ను నమ్మించిన ప్రయోగం ఒకటుంది. 1990లో బోస్టన్‌లోని ఒక వృద్ధుల కేంద్రంలో మరియా ఫియటరోన్ అనే వైద్యురాలు తొంభై ఏళ్ళ ప్రాంతంలో ఉన్న పదిమందిని తీసుకుని, వారానికి మూడు రోజులు, ఎనిమిది వారాల పాటు కాళ్ళతో బరువులు ఎత్తించారు. ఊరికే కదిలించే బరువులు కాదు, వాళ్ళు ఎత్తగలిగిన దాంట్లో ఎనభై శాతం దాకా. పూర్తిచేసిన వాళ్ళ తొడల బలం సగటున 174 శాతం పెరిగింది. చేతికర్రతో నడిచే వాళ్ళలో ఇద్దరు కర్ర పక్కన పెట్టేశారు. తొంభైలో పెరిగే కండ డెబ్బైలో పెరగదా? నేను ఈ మాట చెప్పినప్పుడు బావగారు కాసేపు ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున ఏడింటికే మా ఇంటికి వచ్చారు.

మేము కుర్చీతో మొదలుపెట్టాం. ఎవరైనా అక్కడే మొదలుపెట్టాలి. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, పలకల నేల మీద దాని కాళ్ళు జారతాయి. భోజనాల బల్ల దగ్గరి చెక్క కుర్చీని గోడకి ఆనించి పెట్టండి. చేతులు రెండూ గుండెల మీద అడ్డంగా పెట్టుకోండి. పాదాలు నేలకి పూర్తిగా ఆనాలి. పూర్తిగా నిలబడి, పూర్తిగా కూర్చోవాలి. ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు లేవగలిగారో లెక్కపెట్టండి. అమెరికాలో పెద్దవాళ్ళు పడిపోకుండా చూడడానికి వాడే కొలత ఇది. అరవై ఐదు నుంచి అరవై తొమ్మిది మధ్య మగవాళ్ళు పన్నెండుకి, ఆడవాళ్ళు పదకొండుకి తగ్గితే కాళ్ళ బలం ఉండవలసిన దానికన్నా తక్కువని అర్థం. డెబ్బై నుంచి డెబ్బై నాలుగు మధ్య పన్నెండు, పది. బావగారికి మొదటి రోజు తొమ్మిది వచ్చింది. రోజుకి ఐదు కిలోమీటర్లు నడిచే మనిషికి!

వారానికి మూడు రోజులు, పూటకి మూడు విడతలు, విడతకి ఎనిమిదో పదో. మధ్యలో రెండు నిమిషాలు ఊపిరి తీసుకోవాలి. విడతలో ఆఖరి రెండూ కష్టంగా ఉండాలి. ఆఖరిది కూడా మొదటి దానంత తేలిగ్గా వచ్చిందంటే కండ మీద ఇక పని పడడం లేదు, మెట్టు మార్చాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, చేసిందే ఏళ్ళ తరబడి చేస్తారు. మెట్టు మార్చడానికి జిమ్ము అక్కర్లేదు. రెండు లీటర్ల నీళ్ళ సీసా గుండెకి హత్తుకుని లెండి. తర్వాత ఐదు కిలోల బియ్యం సంచి. లేదా ఎత్తు తగ్గించండి. కుర్చీ నుంచి దివాను, దివాను నుంచి ఎత్తు పీట, ఎత్తు పీట నుంచి నేల. బావగారు ఈ దారిలో నేల దాకా రావడానికి నాలుగు నెలలు పట్టింది. నేను పిల్లల చేత బస్కీలు తీయించిన రోజుల్లో తెలియని ఓపిక ఈ నాలుగు నెలల్లో నాకు అలవడింది.

నేల మీద నుంచి లేవడానికి ఒక పద్ధతి ఉంది. అందరూ నేర్చుకోవాలి, పడిపోయిన రోజున కూడా ఇదే పనికొస్తుంది. ఒక పక్కకి తిరగండి. రెండు చేతుల మీద, రెండు మోకాళ్ళ మీద బరువు వెయ్యండి. మంచమో కుర్చీయో దగ్గరికి అలాగే జరగండి. చేతులు దాని మీద పెట్టి, బలమున్న కాలి పాదం ముందుకి వేసి, ఆ పాదాన్ని నేలకి నొక్కి లెండి. ఇంట్లో ఎవరైనా పక్కన ఉండగా మొదట సాధన చెయ్యండి. పడినప్పుడు ఎముక విరక్కపోయినా, లేవడం చేతకాక బాత్రూములో గంటల తరబడి ఉండిపోయిన పెద్దవాళ్ళు నాకు ఇద్దరు తెలుసు.

"మోకాళ్ళు అరిగిపోయాయి మాస్టారూ, ఇవన్నీ మావల్ల కాదు" అంటారు చాలామంది. ఈ మాట నన్ను బాధపెడుతుంది. మోకాలు అరిగిందని వాడకం మానేస్తే తొడ కండ సన్నబడుతుంది, అప్పుడు బరువంతా కీలు మీదే పడి నొప్పి ఇంకా పెరుగుతుంది. మోకాళ్ళ వాతానికి వైద్యులు మొదట చెప్పే చికిత్సల్లో తొడ కండకి బలం పెంచడం ఒకటి. నొప్పి ఉన్నవాళ్ళు కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచుకోండి, సగం దాకా లెండి. చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉంటే భయం లేదు. మర్నాడు పొద్దుటికి కూడా తగ్గకపోయినా, కీలు వాచినా అది ఎక్కువైందని గుర్తు. ఆ మేరకి తగ్గించండి, మానకండి.

చేతులకీ పని ఉండాలి. గోడకి మూరెడు దూరంలో నిలబడి, అరచేతులు గోడకి ఆనించి, మోచేతులు వంచి గోడ దగ్గరికి వెళ్ళి వెనక్కి తొయ్యడం. రబ్బరు బెల్టు కిటికీ చువ్వకి కట్టి వెనక్కి లాగడం. కూరగాయల సంచులు రెండు చేతుల్లో సమంగా పట్టుకుని రైతుబజారు నుంచి నడిచి రావడం. ఇవి చాలు.

నిలకడకి రోజూ ఐదు నిమిషాలు చాలు, కానీ రోజూ కావాలి. వంటింటి గట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడండి. అలవాటయ్యాక ఒక వేలు మాత్రం ఆనించండి, తర్వాత అదీ తీసెయ్యండి. పది సెకన్లు నిలబడగలగాలి. బ్రెజిల్‌లో యాభై ఒకటి నుంచి డెబ్బై ఐదేళ్ళ మధ్య ఉన్న 1,702 మందిని చూసి 2022లో అచ్చువేసిన పరిశీలనలో, పది సెకన్లు ఒంటికాలి మీద నిలవలేనివాళ్ళకి తర్వాతి ఏళ్ళలో మరణించే ముప్పు ఎక్కువని తేలింది. నిలవలేకపోవడమే చావుకి కారణమని దాని అర్థం కాదు. ఒంట్లో చాలా సంగతులు సరిగ్గా ఉంటేనే ఆ పది సెకన్లు నిలబడతాం. రెండోది, నేల మీద పలకల గీత వెంట, ఒక పాదం మడమ రెండో పాదం వేళ్ళకి తగిలేలా పది అడుగులు. ఒక చేతి దగ్గర గోడ ఉండాలి. మూడోది, మడమలు ఎత్తి మునివేళ్ళ మీద నిలబడడం, ఇరవైసార్లు. పిక్కల్లో బలం లేకపోతే నేలని నొక్కి అడుగు ముందుకి వెయ్యలేం, తూలితే నిలదొక్కుకోలేం.

ఈ నిలకడని పాటతో నేర్పే కళలు మన దగ్గర ముందే ఉన్నాయి. మా వీధి రామాలయంలో కోలాటం బృందం ఉంది. అందులో సగం మంది అరవై దాటిన ఆడవాళ్ళు. అడుగు ముందుకి, వెనక్కి, పక్కకి. తిరగడం, వంగడం, ఎదుటివాళ్ళ కర్రని సరైన క్షణంలో అందుకోవడం. కాలు, కన్ను, చెవి, తలపు నాలుగూ ఒకేసారి పనిచేస్తాయి. తెలంగాణలో బతుకమ్మ చుట్టూ వంగి చప్పట్లు కొడుతూ తిరగడమూ ఇలాంటిదే, తొమ్మిది రోజులతో ఆపకుండా ఏడాదంతా ఆడుకుంటే ఎంత బాగుండును. మా అక్కకి ఊపిరి పెరగాలి కదా. నడవమంటే నడవదు, ఒంటరిగా రోడ్డు మీద తిరగడం ఆవిడకి ఇష్టం లేదు. కోలాటంలో చేర్పించాం. వారానికి మూడు సాయంత్రాలు గంటసేపు. నాలుగు నెలలకి రెండో అంతస్తు ఆగకుండా ఎక్కింది.

ఇంకొక మాట నిష్ఠూరంగా ఉన్నా చెప్పాలి. ప్రాణాయామం మంచి సాధన. మనసుకి, నిద్రకి మేలు చేస్తుంది, నేనూ రోజూ చేస్తాను. కానీ కూర్చుని చేసే ప్రాణాయామం కండని పెంచదు, కాళ్ళకి నిలకడ ఇవ్వదు. గంటసేపు అది చేసి వ్యాయామం అయిపోయిందనుకునేవాళ్ళు అందులో ఇరవై నిమిషాలు కుర్చీకి ఇవ్వండి. సూర్య నమస్కారాల సంగతి వేరు. అందులో వంగడం, చేతుల మీద బరువు వెయ్యడం, కాలు ముందుకి తీసుకుని లేవడం అన్నీ ఉన్నాయి. అయితే ఎముకలు గుల్లబారి వెన్నుపూస దెబ్బతిన్నవాళ్ళు ముందుకి వంగే ఆసనాలు చెయ్యకూడదు.

ఫోనులో అడుగుల లెక్క చూసుకునేవాళ్ళకి ఒక కబురు. రోజుకి పదివేల అడుగులన్నది ఏ వైద్యుడూ కొలిచి తేల్చింది కాదు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరానికి "పదివేల అడుగుల కొలమానం" అనే అర్థం వచ్చే పేరు పెట్టి అమ్మింది. అంకె అలా నిలబడిపోయింది. డెబ్బై రెండేళ్ళ సగటు వయసున్న వేలాది అమెరికన్ మహిళల్ని గమనించి 2019లో ప్రకటించిన పరిశోధనలో, ఆయుష్షుకి సంబంధించినంతవరకు లాభం ఏడున్నర వేల దగ్గరికి వచ్చేసరికి ఆగింది. కాబట్టి పదివేలు పూర్తి చెయ్యడానికి సాయంత్రం హాల్లో గుండ్రంగా తిరిగే ఆ అరగంటని బలానికీ నిలకడకీ మళ్ళించుకోవచ్చు, నష్టం లేదు.

నా వారం చెబుతాను, ఇది నమూనా మాత్రమే. సోమ, గురువారాలు కుర్చీ, గోడ, రబ్బరు బెల్టు. మంగళవారం గట్టు మీద నడక, మధ్యమధ్య ఒక్కో నిమిషం వేగంగా. బుధవారం పుష్కర ఘాట్ మెట్లు, పొడిగా ఉన్నప్పుడే, పాచి పట్టిన కింది మెట్లకి పోను. శుక్రవారం సూర్య నమస్కారాలు. శనివారం మునిసిపల్ పార్కులో షటిల్, నా ఈడువాళ్ళతో. ఆదివారం మనవడు ఏం ఆడమంటే అది. నిలకడ సాధన రోజూ పళ్ళు తోముకునేటప్పుడు. ఇన్ని రకాలు ఎందుకంటే, ఒకదానికి అడ్డం వస్తే ఇంకొకటి మిగులుతుంది. ఆషాఢంలో ముసురు పట్టి వారం రోజులు గట్టు మీదికి పోలేకపోయినా కుర్చీ ఇంట్లోనే ఉంటుంది. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళి మంచులో ఆరు నెలలు నాలుగు గోడల మధ్య ఉండిపోయి, తిరిగొచ్చేసరికి నీరసించిపోయే తల్లిదండ్రులు ఎంతమంది లేరు! నడక ఒక్కటే తెలిసినవాళ్ళకి రోడ్డు మూసుకుపోతే వ్యాయామమే ఆగిపోతుంది.

మన ఎండాకాలం గురించి వేరే చెప్పాలి. గోదావరి జిల్లాల్లో చెమట పడుతుంది గానీ గాలిలో తేమ వల్ల ఆరదు. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. పైగా పెద్దవయసులో దాహం ఆలస్యంగా తెలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఏడింటిలోపు నడక ముగించండి, బయల్దేరేముందే గ్లాసు నీళ్ళు తాగండి. మందులు వాడేవాళ్ళు కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. ఇన్సులిన్ గానీ, గ్లైమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతుంటే జేబులో చక్కెర పొట్లం ఉండాలి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు పడుకున్న చోటి నుంచి ఒక్కసారిగా లేవకూడదు. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు, లేస్తూ వదలాలి. కొన్ని గుండె మందులు నాడి వేగాన్ని పెరగనివ్వవు, అవి వాడేవాళ్ళు నాడి లెక్క నమ్ముకోకుండా మాటని నమ్ముకోవాలి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదీ సరైన వేగం. గుండెకి స్టెంటు పడ్డవాళ్ళు, ఛాతీలో నొప్పి వచ్చేవాళ్ళు, ఈమధ్య ఎముక విరిగినవాళ్ళు డాక్టరుగారిని అడిగాకే మొదలుపెట్టండి.

తిండి గురించి కొద్దిగానే. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వయోజనులందరికీ కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలని 2020లో లెక్కగట్టింది. వృద్ధుల పోషణ చూసే నిపుణులు వయసు మళ్ళినవాళ్ళకి ఒకటి నుంచి 1.2 గ్రాముల దాకా ఉండాలంటారు. అరవై కిలోల మనిషికి అరవై గ్రాముల పైన. రాత్రి పూట ఉప్మాతో, రెండు ఇడ్లీలతో సరిపెట్టుకునే మన పెద్దవాళ్ళకి అది అందదు. ముద్దపప్పు, పెరుగు, గుడ్డు, చేప, ఉడకబెట్టిన శనగలు, ఏది ఒంటికి పడితే అది పూటపూటా ఉండాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం వైద్యుణ్ణి అడగాలి.

జ్వరమో, కంటి ఆపరేషనో, ఇంట్లో పెళ్ళో, ఏదో ఒకటి వచ్చి సాధన ఆగుతుంది. 2007లో అచ్చయిన ఒక అధ్యయనంలో, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళని పది రోజులు మంచం మీదే ఉంచితే కాళ్ళలో దాదాపు కిలో కండ పోయింది. పది రోజుల్లో! అందుకే డాక్టరు వద్దన్న సందర్భాలు తప్ప జ్వరంలో కూడా మంచం మీద కూర్చుని మడమలు ఆడించండి, గది లోపలే నాలుగు అడుగులు వెయ్యండి. మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు ఆపిన చోటి నుంచి కాకుండా సగం నుంచి మొదలుపెట్టండి. బావగారికి కిందటి నవంబరులో డెంగీ వచ్చింది. పద్దెనిమిది రోజులు పడకే. ఎత్తు పీట దాకా వచ్చిన మనిషి తిరిగి కుర్చీ దగ్గరికి వెళ్ళారు. "మళ్ళీ మొదటికొచ్చిందా?" అని దిగులుపడ్డారు. రాలేదు. మొదటిసారి పది వారాలు పట్టిన దారి రెండోసారి మూడు వారాల్లో దాటారు.

మీ వంటింటి గోడకి క్యాలెండరు ఉంటుంది. గ్యాసు బండ ఎప్పుడొచ్చిందో, పాలు ఎన్ని పూటలు పోయించుకున్నారో దాని మీదే రాస్తారు. రేపు పొద్దున నడకకి బయల్దేరేముందు కుర్చీని గోడకి ఆనించి, ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు లేవగలిగారో రేపటి తేదీ గడిలో రాయండి. ఇంటాయన అంకె, ఇంటావిడ అంకె పక్కపక్కన రాయండి. నెల తర్వాత అదే తేదీన మళ్ళీ రాయండి. మా బావగారి అంకె ఈ నెల పద్నాలుగు.